కొండమీద ఎక్కడ దిగుదాం?

శ్రీశైలం ప్రయాణమంటే బడంగ్‌పేట్ వాళ్లకు సగం పని అయిపోయినట్టే. ఊళ్లోంచి బయటపడి తుక్కుగూడ దగ్గర శ్రీశైలం రోడ్డెక్కితే చాలు... కందుకూరు, కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ, డిండి ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి. మన్ననూరు దాటితే ఇక నల్లమలే. మొత్తం సుమారు రెండొందల కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరితే మధ్యాహ్నం భోజనాల వేళకు ముందే కొండమీద ఉంటారు. కాబట్టి దారి గురించి ఎవరికీ బెంగ ఉండదు. బెంగంతా ఒక్కదాని గురించే. వెళ్లాక ఎక్కడ దిగాలి?

చిన్న ఊరు కదా, ఇందులో అంత ఆలోచించడానికి ఏముంది అనిపిస్తుంది. చిన్న ఊరు కాబట్టే ఆలోచించాలి. చుట్టూ అడవి, కింద కృష్ణమ్మ. మధ్యలో గుడిని పట్టుకుని ఉన్న నాలుగు వీధులు. అక్కడ గది దొరకలేదంటే పక్క ఊరికి వెళ్లి చూసుకుందామనుకోవడానికి పక్కన ఊళ్లు లేవు. పోనీ రాత్రికి రాత్రే వెనక్కి వచ్చేద్దామంటే పులుల అడవి దారి మూసి ఉంటుంది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అటవీశాఖ గేట్లు తీయరు.

బడంగ్‌పేట్‌లోని ఓ కాలనీలో ఒక ఇంట్లో ఈ ప్రశ్న మీద వారం రోజులు చర్చ జరిగింది. సందర్భం పెద్దదే. పదకొండో నెల పడ్డ పాపాయికి పుట్టువెంట్రుకలు. ‘మా మొక్కు మల్లన్నకే’ అంది పాప వాళ్ల ముత్తవ్వ. ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్లు. మోకాళ్లు సహకరించవు. ఆమె, కొడుకు, కోడలు, మనవడు, మనవడి భార్య... వీళ్లకు తోడు వనస్థలిపురం నుంచి వియ్యాలవారు ఇద్దరు. పాపాయితో కలిపి ఎనిమిది మంది. పెళ్లయి రెండేళ్లు దాటినా రెండు కుటుంబాలూ కలిసి చేస్తున్న మొదటి ప్రయాణం ఇదే. ఎందుకంటే ఆ పిల్లాడూ పిల్లా ఇష్టపడి చేసుకున్నారు. కులాలు వేరు. మొదటి ఏడాదంతా అలకల్లోనే గడిచింది. పాపాయి పుట్టాక రాకపోకలు మొదలయ్యాయి.

తలా ఒక మాట

ఎక్కడ దిగాలన్న దానిమీద ఇంట్లో అయిదుగురికీ అయిదు అభిప్రాయాలు.

పాప తండ్రిది టూరిజం హోటల్ ఓటు. ఏపీ టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది. శుభ్రంగా ఉంటుంది, పక్కనే క్యాంటీన్, కారు పెట్టుకోవడానికి చోటు. ‘ఎనిమిది మందికి మూడు రూములు. రెండు రోజులకు ఎంతవుతదో లెక్కేసినవా?’ అన్నాడు తండ్రి. లెక్కేశాక ఆ మాట మళ్లీ రాలేదు.

ఆయనది సున్నిపెంట ఆలోచన. 1960లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టు కోసం వెలిసిన ఊరది. కొండకు కొన్ని కిలోమీటర్ల ఇవతల. అక్కడ ఉంటే రద్దీ ఉండదు, డ్యామ్ కూడా చూసుకోవచ్చు. అయితే పొద్దున్నే అభిషేకానికి వెళ్లాలంటే చీకట్లో లేచి, పెద్దామెనూ పాపాయినీ కారెక్కించి ఘాట్‌రోడ్డులో పోవాలి. ‘పసిపిల్లతోనా?’ అంది ఆయన భార్య. అదీ పోయింది.

ఈ తంటా మనకొక్కరికే కాదు. ఇటలీలో అస్సీసీ అని కొండమీద ఓ యాత్రాస్థలం ఉంది. సెయింట్ ఫ్రాన్సిస్ పుట్టిన ఊరు. అక్కడికి వెళ్లేవాళ్లదీ ఇదే మీమాంస. పైన కోటగోడల లోపల ఇరుకు సందుల్లో దిగాలా, రైల్వేస్టేషన్ ఉన్న కింది ఊళ్లో దిగి రోజూ ఎక్కి దిగాలా అని. పైన హోటళ్లూ ఉంటాయి, క్రైస్తవ సన్యాసినులు నడిపే అతిథి గృహాలూ ఉంటాయి. దేశమేదైనా కొండమీది ఊళ్ల లెక్క ఒకటే. గుడికి దగ్గరైతే ఇరుకు, దూరమైతే నడక.

ఆన్‌లైన్‌లో దేవస్థానం గదులు చూద్దామంది పాప తల్లి. గంగా సదన్, గౌరీ సదన్, మల్లికార్జున సదన్, గణేశ సదన్... దేవస్థానానికి వసతులు బాగానే ఉన్నాయి. ఫోన్‌లో చూస్తే వాళ్లనుకున్న ఆదివారానికి అన్నీ నిండిపోయి ఉన్నాయి. శివరాత్రి, కార్తీకమాసం సంగతి సరేసరి, మామూలు శని, ఆదివారాల్లోనూ అంతే.

అప్పటిదాకా వింటూ కూర్చున్న పెద్దామె అప్పుడంది. ‘గివన్ని ఎందుకురా? మన సత్రం లేదా?’

రాతిపలక మీద పేరు

‘మన సత్రం’ అంటే వాళ్ల కులం సత్రం. శ్రీశైలం వెళ్లినవాళ్లందరికీ తెలిసిందే... కొండమీద దాదాపు ప్రతి కులానికీ ఒక సత్రం ఉంటుంది. రోడ్డుకు రెండువైపులా బోర్డులు చదువుకుంటూ వెళితే తెలుగు సమాజం మొత్తం వరసగా కనిపిస్తుంది.

ఇవి ఊరికే రాలేదు. ఒకప్పుడు శ్రీశైలం వెళ్లడమంటే తిరిగొస్తామో లేదో తెలియని ప్రయాణం. నడకే దిక్కు. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించాడని చరిత్ర చెబుతుంది. అటు ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా అడవిలో నడిచి వచ్చేవారు. ఇప్పటికీ ఉగాదికి కన్నడ భక్తులు ఆ దారిన పాదయాత్రగా వస్తారు. చలువ పందిళ్ల కింద, చెట్ల కింద పడుకుంటారు. వాళ్లకు గది గొడవే లేదు. పూర్వం కొండమీద నీడంటే మఠాలే. ఘంటామఠం, భీమశంకర మఠం, విభూతి మఠం, రుద్రాక్ష మఠం, సారంగధర మఠం... ఆ తర్వాత రోడ్డు పడింది, బస్సులు వచ్చాయి, జనం పెరిగారు. గదులు చాలలేదు. అప్పుడు ఎవరికి వాళ్లు చందాలేసుకుని కట్టుకున్నవే ఈ సత్రాలు. నూట పదహార్లిచ్చినవాళ్లున్నారు, బంగారు గాజు తీసిచ్చినవాళ్లున్నారు. తక్కువ అద్దెకు గది, వేళకు అన్నం. పేదవాళ్లకు, ముసలివాళ్లకు అదెంత ఆసరానో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఈ పెద్దామె భర్త కూడా అలాగే ఒక గదికి డబ్బు కట్టాడు. పంట అమ్మిన డబ్బు. గది తలుపు పక్కన పాలరాతి పలక మీద ఆయన పేరు, ఊరు పేరు చెక్కారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆమె వెళ్లినప్పుడల్లా ఆ గదిలోనే దిగేది. పొద్దున లేవగానే కొంగుతో ఆ పలక తుడిచేది.

‘మనవాళ్లేనా?’

కొడుకు సత్రానికి ఫోన్ చేశాడు. అమ్మకు కూడా వినబడాలని స్పీకర్ పెట్టాడు. గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు. దాత పేరు చెప్పగానే గుర్తుపట్టాడు. గది ఉందన్నాడు, ఇంకో గది కూడా సర్దుతానన్నాడు. చివర్లో మామూలుగా అడిగాడు.

‘అందరూ మనవాళ్లేనా సార్?’

‘మా వియ్యంకులు కూడ వస్తున్నరు.’

‘వాళ్లూ మనవాళ్లే కదా?’

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. కాదని చెప్పాడు కొడుకు. ‘మీకైతే గది రాసేస్తా సార్. వాళ్లకు మాత్రం వేరే చూసుకోండి. నన్నేమనుకోవద్దు, కమిటీ రూలు’ అన్నాడు గుమాస్తా.

వంటింటి గుమ్మం దగ్గర పాపాయికి అన్నం తినిపిస్తున్న కోడలు ఈ మాట వింది. స్పీకర్ కట్టేశాక నెమ్మదిగా అంది. ‘ఫర్వాలేదు మామయ్యా. అమ్మావాళ్లకు వేరే తీసుకుందాం. గుడి దగ్గర కలుస్తారు.’

మాట చిన్నదే. దాని బరువు ఆ ఇంట్లో అందరికీ తెలుసు. రెండేళ్లు పట్టింది ఆ రెండు కుటుంబాలూ ఒక కారెక్కడానికి. ఇప్పుడు కొండమీదకు వెళ్లి రెండు గుమ్మాల ముందు దిగాలి. రాత్రి పాపాయి ఎవరి దగ్గర పడుకుంటుంది? పొద్దున్నే వియ్యపురాలు వచ్చి, పాపకు స్నానం చేయించాలంటే సత్రం కౌంటర్లో ఏమని చెప్పి లోపలికి రావాలి? ఇంతకూ ఆ కోడలు ఎవరి లెక్కలోకి వస్తుంది? పాపాయి?

చెప్పకుండా తీసుకెళదాం, ఎవరడుగుతారు అన్నాడు మనవడు. ‘మా అమ్మానాన్నల ఇంటిపేరు ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పాలా?’ అంది భార్య. అతను మళ్లీ మాట్లాడలేదు.

మల్లన్న సంగతి వేరు

విచిత్రమేమిటంటే, ఈ ప్రశ్న గుడి లోపల లేదు. శ్రీశైలంలో సామాన్య భక్తుడు కూడా లింగాన్ని తాకి, తల ఆనించి మొక్కే సంప్రదాయం ఉంది. రద్దీనిబట్టి స్పర్శ దర్శనానికి వేళలు మారుతుంటాయేమోగానీ, తాకే చేయి ఏ కులానిదని మల్లన్న అడగడు. ధూళి దర్శనమని ఇంకో మాట ఉంది. దారి దుమ్ము కాళ్లతోనే వెళ్లి దర్శనం చేసుకోవడం. పన్నెండో శతాబ్దంలో ఇల్లూ వాకిలీ వదిలి కన్నడ దేశం నుంచి వచ్చిన అక్కమహాదేవి ఈ కొండనే చేరుకుంది. కులం గోడలు కూలగొట్టాలన్న శివశరణుల దారి ఆమెది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణమంతా ఈ పర్వతానికే ఇచ్చాడు.

ఇక చెంచుల కథ సరేసరి. వేటకొచ్చిన మల్లన్న చెంచు పిల్లను చూసి మనసుపడి పెళ్లాడాడట. అందుకే ఆయన వాళ్లకు చెంచు మల్లయ్య. దేవుడిగా కన్నా అల్లుడిగా దగ్గర. ఆ లెక్కన చూస్తే మల్లన్నదీ వేరే ఇంటి పిల్లతో పెళ్లే.

ఈ కథ పెద్దామెకు చిన్నప్పటినుంచీ తెలుసు. మునిమనవరాలికి కూడా చెబుతూ ఉంటుంది. ఆ రాత్రి అన్నాలయ్యాక ఆమే తేల్చేసింది.

‘సత్రం వద్దు. అందరం ఒక్కకాడ్నే ఉందాం.’

‘నాన్న పేరున్న రూము గదనే అమ్మా...’ అన్నాడు కొడుకు.

‘రాయి మీద పేరు యాడికి పోతది? పోయి చూసొస్త. పండుకునుడు మాత్రం అందరం ఒక్కకాడ్నే.’

తేదీ మారింది

మరి గది? ఇక్కడే ఆ ఇంట్లో ఎవరికీ తట్టని ఉపాయం వియ్యంకుడు చెప్పాడు. ‘చోటు మార్చేబదులు రోజు మారిస్తే పోలా బావగారూ?’ అన్నాడు. నిజమే. పుట్టువెంట్రుకలకు ఆదివారమే కావాలని ఏ పంచాంగంలోనూ లేదు. అయ్యగారిని అడిగితే బుధవారం బాగుందన్నాడు. మనవడు రెండు రోజులు సెలవు పెట్టాడు. బుధవారానికి దేవస్థానం సైట్‌లో గదులు ఖాళీగా కనిపించాయి. మూడు గదులు... ఒకే వరసలో.

కొన్ని ఇబ్బందులు తప్పలేదు. గుడికి నడక కాస్త ఎక్కువైంది. పెద్దామెను మనవడు చక్రాల కుర్చీలో తీసుకెళ్లాడు. రాత్రి పాపాయి రెండు గదుల మధ్య నాలుగుసార్లు చేతులు మారింది. చివరికి అమ్మమ్మ పక్కన నిద్రపోయింది. పొద్దున కల్యాణకట్టలో గుండు చేస్తుంటే మేనమామ రాలేదని వాళ్లూ, కత్తి చల్లగా ఉందని వీళ్లూ కంగారుపడ్డారు. దర్శనమయ్యాక అన్నదానంలో ఒకే బంతిలో ఎనిమిదిమందీ కూర్చున్నారు. పాతాళగంగకు మాత్రం మెట్లు దిగకుండా రోప్‌వేలో వెళ్లొచ్చారు.

సాయంత్రం పెద్దామె సత్రానికి బయలుదేరింది. తోడుగా ఎవరొస్తారంటే వియ్యపురాలు లేచింది. పాపాయిని కూడా ఎత్తుకుంది. గుమాస్తా లోపలికి రమ్మన్నాడు, కుర్చీలు వేశాడు. ఆ గదిలో వేరేవాళ్లెవరో దిగి ఉన్నారు. పలక బయటే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. పెద్దామె కొంగుతో తుడిచింది. ఆమెకు చదువు రాదు. ఇన్నేళ్లూ వేలితో తడిమి చూసుకోవడమే. వియ్యపురాలు ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పేరు చదివి వినిపించింది. ఊరు పేరు, తర్వాత ఇచ్చిన సొమ్ము, సంవత్సరం.

‘మీ మునిమనవరాలా అమ్మా?’ అన్నాడు గుమాస్తా, గంధం పూసిన గుండు చూసి.

‘అవును బిడ్డా. మా రెండిండ్ల పిల్ల’ అంది పెద్దామె.

అతను రిజిస్టర్ వైపు చూసి తల వంచుకున్నాడు. కాసేపయ్యాక టీ తెప్పించాడు. ఇద్దరికీ.

శ్రీశైలం వెళ్లే కుటుంబాలకు ఈ ఇంటి అనుభవంలో పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. వారం మధ్యలో వెళితే గది సులువు. పెద్దవాళ్లుంటే అద్దె కన్నా ముందు గుడికి ఎంత దూరమో కనుక్కోవాలి. తిరుగు ప్రయాణానికి అడవి గేటు వేళ గుర్తుంచుకోవాలి. అన్నిటికన్నా ముందు, వెంట వచ్చేవాళ్లలో ఎవరినీ గుమ్మం బయట నిలబెట్టని చోటేదో చూసుకోవాలి. బుకింగ్ సైట్లలో ఆ వివరం ఉండదు.

వస్తూ వస్తూ డిండి దగ్గర టీ తాగడానికి ఆగారు. ‘పెద్దమ్మా, వచ్చే కార్తీకానికి మా సత్రంలో దిగుదాం. మాకూ ఒకటుంది కొండమీద’ అన్నాడు వియ్యంకుడు సరదాగా.

‘మరి మమ్ముల రానిస్తరా?’ అంది పెద్దామె.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడుగానీ, జవాబు మాత్రం చెప్పలేదు.