చీపురుకట్ట చాలదు

సినిమాలు చూచి నీతులు వెదికే అలవాటు మాకు లేదు. ఆరు రోజులు పద్దులు కూడి తల వేడెక్కిన గుమాస్తాకు ఆదివారంపూట కాస్త నవ్వు వస్తే చాలు. అయినా 'లేడీస్ వర్సెస్ రికీ బహల్' చూచిన నాడు మా యింట్లో నవ్వుతోపాటు చర్చ కూడా లేచింది.

మనీశ్ శర్మ తీసిన యీ హిందీ చిత్రం 2011 డిసెంబరులో వచ్చింది. రణవీర్ సింగ్ వేసిన నాయకుడు వూరికొక పేరు పెట్టుకొని తిరుగుతూ, ఆడవాళ్ల నమ్మకాన్నీ సొమ్మునూ కలిపి కాజేస్తాడు. ఢిల్లీలో వొక గారాలబిడ్డ, ముంబైలో వొక వుద్యోగిని, లక్నోలో వొక చిన్నవయసు వితంతువు. ముంబై ఆమె సిగ్గు విడిచి టీవీలో తన గోడు చెప్పుకొనేసరికి, తక్కిన యిద్దరికీ తమను ముంచినవాడు వీడేనని తెలుస్తుంది. ముగ్గురూ కూడి, అనుష్కా శర్మ వేసిన గడుసుపిల్లను గోవాకు పంపి, వాడి విద్యను వాడికే అప్పజెపుతారు. చివరకు వాడు ఆ పిల్లను నిజంగానే ప్రేమించి, సొమ్ము తిరిగి యిచ్చి, బుద్ధిమంతుడవుతాడు.

మా యింటావిడకు ఆ ముగింపు రుచించలేదు. "గంత మోసం జేసినోనికి మళ్ల ప్రేమ గూడనా?" అన్నది.

మన తెలుగువాళ్లకు యిటువంటి మనిషి కొత్త కాడు. గురజాడవారి గిరీశం 1892లోనే రంగమెక్కాడు. 1955లో రామారావుగారి రూపంలో వెండితెర కెక్కాడు. సామాను తెమ్మని పూటకూళ్లమ్మ యిచ్చిన సొమ్మును మధురవాణికి సమర్పించిన ఘనుడు. పూటకూళ్లమ్మ చీపురుకట్టతో వెంటబడితే మంచం క్రింద దూరాడు. తీరా దెబ్బలు తిన్నది అదే మంచం క్రింద నక్కిన రామప్పపంతులు! అసలువాడు చల్లగా జారుకొన్నాడు. ఆ నాటకం చివర బుచ్చమ్మ గండం గడిచి, మన పక్కనే వున్న పూనా వితంతు శరణాలయానికి పంపే యేర్పాటు జరిగిందంటే, మధురవాణి నోరు విప్పి అతగాడి గుట్టు చెప్పబట్టే కదా.

పద్మానగర్ గల్లీల్లో వున్న మాకు గిరీశాలను వెదకటానికి విజయనగరం పోనక్కరలేదు. కొన్నేండ్ల క్రితం మా పక్క గల్లీలో సాంచాల మీద పనిచేసే మాటకారి వొకడుండేవాడు. కరీంనగరం వైపు పల్లెలో భార్య వున్నది. యిక్కడ కండెలు చుట్టే వొక దిక్కులేని ఆమెతో, "నాకెవ్వరూ లేరు, రోగంతో వున్న తల్లి తప్ప" అని చెప్పి కాపురం పెట్టాడు. తల్లి మందులకని ఆమె వారం కూలి తీసుకొనేవాడు. భివండిలో సాంచాలు బంద్ అయినవని కబురు పెట్టి, భార్యచేత పుస్తెలతాడు కుదువ పెట్టించాడు. రెండు సొమ్ములూ మట్కాలో కలిసినవి.

వొకనాడు ఆ భార్య యిద్దరు పిల్లలతో బస్సు దిగింది. జుట్లు పట్టుకొంటారని గల్లీ అంతా తలుపుల్లో నిలబడింది. అరుపులైతే అయినవి. తరువాత యిక్కడి ఆమె పిల్లల యెండిన మొగాలు చూచి, నీళ్లు ముంచి యిచ్చింది.

"అక్కా, నీ కాడ యెంత తీసుకున్నడు?" అని అడిగింది.

ఆ ప్రశ్నతో పోట్లాట ఆగి లెక్క మొదలైంది. తెలుగూ మరాఠీ రెండూ వ్రాయగలము గనుక గల్లీలో అర్జీల పని మాది. ఆ రాత్రి యిద్దరూ మా యింటికి వచ్చారు. దసరాకు యింత, సంక్రాంతికి యింత అని వాళ్లు జ్ఞాపకం చేసుకొంటుంటే, కాగితం మీద రెండు వరుసలుగా యెక్కించాము. 'తల్లి మందులకు' అన్న పద్దు చదివి వినిపించగానే వూరి ఆమె ఉలిక్కిపడింది.

"మా అత్తకు మందులా? ఆమె సచ్చి ఆరేండ్లాయె!"

యిద్దరూ వొకరి మొగం వొకరు చూచుకొన్నారు. ముందు నవ్వు వచ్చింది, ఆ వెనుకనే యేడుపు. మా యింటావిడ చాయ కలిపి తెచ్చేదాకా మేము కలం క్రింద పెట్టి కూర్చున్నాము.

మర్నాడు పెద్దమనుషుల ముందు అతని మాటకారితనం పారలేదు. భార్యతో చెప్పే మాట యీమె వింటున్నది, యీమెతో చెప్పే మాట భార్య వింటున్నది. యిక యే అబద్ధం ఆడతాడు? సేటు అతని పగారు నుంచి వారం వారం కొంత కోసి వూరి ఆమెకు పంపగా, పుస్తెలతాడు విడిపోయింది. యిక్కడి ఆమె కూలి మాత్రం పూర్తిగా రాలేదు. అతడు సినిమా నాయకునివలె మారనూ లేదు. వొక రాత్రి చెప్పకుండా గల్లీ విడిచిపోయాడు. బతుకమ్మ పండుగకు ఆ యిద్దరూ యిప్పటికీ ఫోనులో పలకరించుకొంటారు. యీమె పంపే గుడ్డముక్కలతో ఆమె పిల్లలకు లంగాలు కుట్టిస్తుంది.

యింటి గుట్టు బయట పెట్టరాదని మన ఆడపిల్లలకు చెప్పి పెంచుతాము. ఆ గుట్టు చాటునే యిటువంటి మగవాళ్లు రెండిండ్లలో భోంచేస్తున్నారని కూడా చెప్పాలి. చీపురుకట్ట యింట్లో వుండవలసిందే. దానితోపాటు కాగితమూ కలమూ, పక్కన కూర్చొనే మరొక ఆడమనిషీ వుంటే, దెబ్బ రామప్పపంతులుకు గాక తగలవలసినవాడికే తగులుతుంది.