తలుపు తట్టే పండగ

హాలోవీన్ అనగానే సినిమా ప్రియులకు ముందు గుర్తొచ్చేది 1978లో జాన్ కార్పెంటర్ తీసిన సినిమా. తెల్ల ముసుగు తొడుక్కున్న హంతకుడు కత్తి పట్టుకుని ఇళ్ళ మధ్య తిరుగుతుంటాడు. ఆ ముసుగు ఎక్కడిదో తెలుసా? 'స్టార్ ట్రెక్' కెప్టెన్ కిర్క్ ముసుగు! బజార్లో చవగ్గా కొనుక్కొచ్చి తెల్లరంగు కొట్టారు. ఇక 1982 నాటి 'ఈ.టీ.' చూసినవాళ్ళకి, గ్రహాంతరవాసి మీద దుప్పటి కప్పి పిల్లలు దర్జాగా వీధిలో నడిపించుకుపోయే ఘట్టం గుర్తుండే ఉంటుంది.

నేనూ ఈ రెండు సినిమాల చదువుతోనే న్యూయార్క్‌లో కాపురానికి దిగాను. హాలోవీన్ అంటే సొంత ఇల్లు, ముందు పచ్చిక, మెట్ల మీద గుమ్మడికాయ ఉన్నవాళ్ళ పండగ అనుకున్నాను. ఆరంతస్తుల మేడలో అద్దెకుండే మనకేం పండగ లెద్దూ!

మేముండేది క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్. మాన్‌హటన్‌లో ఏడో నంబరు రైలెక్కితే, అది నది కిందుగా వచ్చి, నేల మీదికి లేచి, రూజ్‌వెల్ట్ ఎవెన్యూకి ఎత్తున కట్టిన ఇనప వంతెన మీద దడదడలాడుతూ పరుగెడుతుంది. 74వ వీధి దగ్గర దిగారా, కరివేపాకు, కందిపప్పు, బంగారు నగల దుకాణాలు. హిందీ సినిమాలు ఆడిన ఈగిల్ థియేటర్ కూడా ఇక్కడిదే. 2009లో మూతపడింది. నాలుగడుగులు ముందుకేస్తే కొలంబియా వాళ్ళ రొట్టెల దుకాణాలు, ఈక్వడార్ వాళ్ళ భోజనశాలలు. ఇన్ని భాషలున్న పేటలో ఎవరి తలుపు వాళ్ళు వేసుకుని బతకడం చాలా సులువు. మేమూ అలాగే బతికాం.

గుమ్మడికాయ పిల్ల

2018 అక్టోబరు 31. మా బుజ్జికి ఏడు నెలలు. స్నేహితురాలిచ్చిన గుమ్మడికాయ చొక్కా తొడిగి, ఫోటో తీసి తెనాలికి పంపి, పండగ అయిపోయిందనుకున్నాం. రాత్రి ఏడింటికి తలుపు దబదబ మోగింది. ఆ మేడలో చేరి రెండేళ్ళయినా, పార్సిల్ తెచ్చేవాళ్ళు తప్ప మా తలుపు తట్టిన మనిషి లేడు. ఏం ముంచుకొచ్చిందోనని గుండె గుభేలుమంది. తీస్తే ఎదురుగా ఒక పులి, ఒక దెయ్యం, ఒక ఫైరింజను మనిషి!

"ట్రిక్ ఆర్ ట్రీట్!" అని ముగ్గురూ ఒక్క గొంతుతో అరిచారు. ఏదైనా పెడతారా, అల్లరి చెయ్యమంటారా అని అర్థం.

ఇంట్లో చాక్లెట్టన్నది లేదు. అమ్మ పంపిన సున్నుండల డబ్బా ఉంది. పళ్ళెంలో పెట్టి తెచ్చాను. వెనక నిలబడ్డ పెద్దావిడ నవ్వి, "పిల్లలకి కాగితం చుట్టినవే తీసుకోనిస్తాం, ఏమనుకోకమ్మా" అంది. అని, తను మాత్రం ఒక సున్నుండ తీసుకుని అక్కడే నిలబడి తినేసింది. వేళ్ళకంటిన నెయ్యి కూడా వదల్లేదు. 3-డి లో ఉండే కొలంబియా ఆవిడట. పిల్లలు ఆవిడ మనవలు.

"తప్పు మావాళ్ళదే. కింద కాగితంలో మీ నంబరు లేదు. చూసుకోకుండా కొట్టేశారు" అంది.

ఆ కాగితం సంగతి చెప్పాలి. న్యూయార్క్ మేడల్లో ఇదొక ఆనవాయితీ. అక్టోబరు చివర్లో లిఫ్ట్ పక్కన ఒక కాగితం అంటిస్తారు. పిల్లలు రావచ్చు అనుకున్నవాళ్ళు అందులో తమ ఇంటి నంబరు రాస్తారు. ముప్పై ఒకటిన సాయంత్రం పిల్లలు దాన్ని పట్టుకుని అంతస్తులన్నీ చుట్టేస్తారు. నంబరు లేని తలుపు తట్టకూడదు. రెండేళ్ళుగా దాని పక్కనుంచే వెళ్తున్నా, ఏదో నీళ్ళ నోటీసనుకున్నాను!

మర్నాడు ఫోన్లో నాన్నకి చెబితే ఆయన ఆశ్చర్యపడలేదు. "ఇందులో కొత్తేముందే? దసరాకి మేం విల్లంబులు పట్టుకుని, పంతులుగారి వెనక పద్యాలు పాడుకుంటూ ఇంటింటికీ తిరగలేదూ? పంతులుగారికి డబ్బులు, మాకు పప్పు బెల్లాలు. మా ఊళ్ళో తలుపులు తెరిచే ఉండేవి గనక కాగితం అవసరం పడలేదు, అంతే."

బొమికల తలుపు

2019లో కాగితం మీద మా నంబరే ముందుంది.

ఆ సాయంత్రం 37వ ఎవెన్యూ మీద పిల్లల ఊరేగింపు. మాన్‌హటన్‌లో గ్రీనిచ్ విలేజ్ ఊరేగింపు జగత్ప్రసిద్ధం. ముసుగులూ, బొమ్మలూ చేసే రాల్ఫ్ లీ అనే కళాకారుడు 1974లో మొదలుపెట్టాడు. అది పెద్దల జాతర. మాది తోపుడు బండ్లలో కూర్చున్న పసివాళ్ళ జాతర. యువరాణులు, సాలెపురుగులు, డ్రాగన్లు... నడవలేని వేషాలని నాన్నలు భుజాన మోస్తారు. మందుల షాపువాడూ, మంగలి షాపువాడూ గుమ్మంలో నిలబడి మిఠాయి పంచుతారు.

మా తేనెటీగ, అంటే బుజ్జి, ఇదంతా నిబ్బరంగా చూసింది. మేడకి తిరిగొచ్చాక 3-డి తలుపుకి వేలాడే అట్ట అస్థిపంజరాన్ని చూసి మాత్రం గుక్కపట్టింది. ఆ పెద్దావిడ బయటికొచ్చి బుజ్జిని ఎత్తుకుంది. దాని వేలు పట్టుకుని ఒక్కొక్క ఎముకా ముట్టించింది. కాగితమే, కాగితమే అంటూ స్పానిష్‌లో ఏదో పాడింది. కాసేపటికి పిల్ల దిగనంది. ఆ రోజు నుంచి ఆవిడ 'అబుయెలా', అంటే స్పానిష్‌లో అమ్మమ్మ. ఆ తలుపు 'బొమికల తలుపు'.

ఆవిడ నాకేసి తిరిగి, "ఆ ఉండలేవీ?" అనడిగింది. చేసే ఉంచాను!

కాగితం లేని ఏడు

2020 వసంతం సంగతి లోకానికి తెలుసు. మాకు దగ్గర్లోని ఎల్మ్‌హర్స్ట్ ఆసుపత్రి ముందు జనం బారులు తీరిన ఫోటోలు పత్రికలన్నిటా వచ్చాయి. రాత్రీ పగలూ అంబులెన్సుల కూతే. ఏప్రిల్లో ఒకటి మా మేడ ముందే ఆగింది. అబుయెలా వెళ్ళింది. తిరిగి రాలేదు. ఎవరూ ఎవరి గడపా తొక్కకూడని రోజులు. ఆవిడ కూతురు వచ్చి సామాను సర్దుకుపోయిందని కూడా తర్వాత తెలిసింది. ఒక్క మాట చెప్పలేకపోయాం.

ఆ అక్టోబరులో లిఫ్ట్ పక్కన కాగితం లేదు. గ్రీనిచ్ విలేజ్ ఊరేగింపు కూడా రద్దయింది. ఇంటింటికీ తిరగొద్దని వైద్యాధికారుల సలహా. కొందరు పొట్లాలు కట్టి బయట బల్ల మీద పెట్టారు. బుజ్జికి పిల్లి చెవులు పెట్టి కిటికీ దగ్గర కూర్చోబెట్టాం. ఆ రాత్రి నిండు పున్నమి. ఒకే నెలలో రెండోది. బొమికల తలుపు దగ్గరికి వెళదామని ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

ఘటోత్కచుడి రాక

2021లో కాగితం మళ్ళీ వచ్చింది. నంబర్లు సగానికి పడిపోయాయి. 3-డి లేదు. అందులోకి కొత్తవాళ్ళు దిగారని తెలుసు గాని మొహాలు తెలీవు.

మూడున్నరేళ్ళ బుజ్జి అప్పటికి 'మాయాబజార్' నాలుగుసార్లు చూసింది. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు తప్ప ఇంకో వేషం వెయ్యనంది. మావారు అట్టపెట్టెతో గద చేసి బంగారు కాగితం చుట్టారు. నేను కాటుకతో మీసం దిద్దాను. 37వ ఎవెన్యూలో ఒకాయన "రాజువా?" అనడిగితే, గద ఎత్తి తెలుగులో గర్జించింది. ఆయన భయపడి రెండు చాక్లెట్లిచ్చాడు!

మేడలో అంతస్తులు తిరుగుతూ మూడో అంతస్తుకొచ్చాం. 3-డి తలుపు ఖాళీగా ఉంది. బొమికలు లేవు. తలుపు కొడతానంది. "నంబరు లేదు నాన్నా, కొట్టకూడదు. అబుయెలా ఇక్కడ లేదు" అన్నాను.

"ఎక్కడుంది?"

జవాబు నాకు వెంటనే రాలేదు. "చచ్చిపోయింది" అన్నాను చివరికి, మెల్లిగా. దెయ్యాలూ పుర్రెలూ వేలాడదీసుకునే రోజున కూడా ఆ మాట అనడానికి నోరు రాదండీ.

ఘటోత్కచుడు కాసేపు ఆలోచించాడు. తన బుట్టలో వెతికి ఒక చాక్లెట్ తీసి, ఆ గుమ్మం ముందు పట్టా మీద పెట్టాడు. తలుపు తట్టలేదు. గద ఈడ్చుకుంటూ మెట్లు దిగాడు.

2022 అక్టోబరు ఆఖరివారం. కూరగాయలు పట్టుకుని లిఫ్ట్ కోసం నిలబడ్డాను. అప్పుడే అంటించిన కాగితం. ఒకే ఒక్క నంబరు రాసి ఉంది, నాకు తెలియని దస్తూరీలో. 3-డి.

దాని కింద మా నంబరు రాసి, పైకొచ్చి, మినుములు వేయించడానికి మూకుడు పొయ్యి మీద పెట్టాను.