మేస్త్రీ మీద కట్టిన పాట

ఇండియా నుంచి మారిషస్ చూడటానికి వచ్చే మనవాళ్లకి హోటళ్లవాళ్లు తప్పకుండా చూపించే వాటిలో సెగా అనే ఇక్కడి ఆటపాట ఒకటి. రాత్రి భోజనాల వేళ, ఈతకొలను పక్కన, పూల గౌన్లు వేసుకున్న అమ్మాయిలు నడుం తిప్పుతూ ఆడతారు. వెనక కీబోర్డు మోగుతూ ఉంటుంది. అది చూసొచ్చి "బాగానే ఉంది గానీ, అందులో ఏముందండీ?" అని నన్ను అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లని అని లాభం లేదు. సెగా వినాల్సిన చోటు అది కాదు.

వినాలంటే ఆదివారం ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ తీరానికి వెళ్లాలి. ఊళ్ల నుంచి కుటుంబాలకి కుటుంబాలే బస్సులు మాట్లాడుకుని దిగుతాయి. సరుగుడు చెట్ల కింద చాపలు పరుస్తారు, బిర్యానీ గిన్నెలు దింపుతారు, పిల్లలు నీళ్లలో పడతారు. భోజనాలయ్యాక ఎవరో ఎండుపుల్లలు ఏరి చిన్న మంట వేస్తారు. వంటకి కాదు, రవాన్ కాచడానికి.

రవాన్ అంటే గుండ్రటి చెక్క చట్రానికి మేకతోలు బిగించిన వాయిద్యం. సముద్రపు గాలికి తోలు మెత్తబడి చప్పుడు చచ్చిపోతుంది. అందుకని మంటకి దగ్గరగా పట్టుకుని మెల్లగా తిప్పుతారు. మధ్యమధ్య వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటారు, చాలకపోతే మళ్లీ మంట దగ్గరికే. మొదటిసారి అది చూసినప్పుడు మా విజయనగరంలో పైడితల్లమ్మ పండక్కి డప్పులు కాచుకునేవాళ్లు కళ్లముందు కదిలారు. తేడా ఏమిటంటే డప్పుకి పుల్లలుంటాయి, దీనికి ఒట్టి చేతులే. ఇప్పుడు ప్లాస్టిక్ తోలు రవాన్‌లు కూడా వచ్చాయి. వానొచ్చినా ఎండొచ్చినా ఒకటే మోత. పెద్దవాళ్లకి అవి గిట్టవు. నేనైతే పెద్దవాళ్ల పక్షమే, కాకపోతే బడిలో పాతికమంది పిల్లలకి మంట పెట్టి నేర్పమనడం కూడా అయ్యే పని కాదు.

రవాన్‌కి తోడు త్రికోణంగా వంచిన ఇనప కడ్డీ ఒకటి, మరవాన్ ఒకటి. మరవాన్ చెరకు పూత కాడలతో కట్టిన బల్లపరుపు పెట్టె, లోపల గింజలు పోసి ఉంటాయి. రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపుతారు. ఏ చెరకు ఈ దీవి జనం నడుములు విరిచిందో ఆ చెరకు కాడే ఇక్కడ తాళం వేస్తుంది. లయ మన తిస్రగతికి దగ్గర, ఒకటి రెండు నిమిషాల్లో చెవికి పట్టుబడుతుంది. కానీ ఊపు మనం అనుకున్న చోట పడదు, అర క్షణం ముందో వెనకో పడుతుంది. ఆ చిన్న ఎడంలోనే మనిషిని కూర్చోనివ్వని గుణం ఏదో ఉంది. ఆటలో పాదం నేల విడవదు, ఇసుకలో రాసుకుంటూ జరుగుతుంది. బానిసల కాళ్లకి సంకెళ్లు ఉండేవి కాబట్టి అలా ఆడేవారని గైడ్లు చెబుతారు. ఆ ఇసుకలో నాలుగు అడుగులు వేసి చూస్తే వేరే కారణం అక్కర్లేదనిపిస్తుంది.

18వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ నుంచి మనుషుల్ని బానిసలుగా ఈ దీవికి తెచ్చారు. ఒకరి భాష ఒకరికి తెలియని గుంపులు. యజమానుల ఫ్రెంచి మాటలు పట్టుకుని క్రియోల్ చేసుకున్నారు, చేతికందిన తోలూ కర్రా పట్టుకుని సెగా చేసుకున్నారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది గానీ, సెగాకి మర్యాద రావడానికి ఇంకో నూరేళ్లు పైనే పట్టింది. చర్చికి అది బూతు, పెద్దింటివాళ్లకి తాగుబోతుల గోల. 1964లో ల మోర్న్ కొండ దగ్గర జరిగిన ఉత్సవంలో టీ ఫ్రేర్ అనే పల్లె గాయకుణ్ణి సెగా రాజుగా నిలబెట్టారు. అప్పటికి ఆయనకి అరవై దాటాయి. సెగా యునెస్కో జాబితాకి ఎక్కడం 2014లో.

మా తెలుగు మిత్రులు కొందరు సెగా వింటే ఊరు గుర్తొస్తుందంటారు, ప్రవాసుల గుండెకోత అంతా అందులో ఉందంటారు. నాకు ఆ మాట రుచించదు. పాటలు వింటే అసలు వాటిలో ఊరిమీద బెంగ ఎక్కడుంది? పడని చేపల గురించి, వెళ్లిపోయిన ఆడమనిషి గురించి, పక్కింటివాడి పరువు గురించి అప్పటికప్పుడు అల్లి పాడతారు. నేను విన్నవాటిలో మడగాస్కర్ మాటే ఎత్తరు. వెనక్కి పోయే దారి లేనివాళ్లు కాళ్ల కింద ఉన్న నేలనే ఊరు చేసుకున్నారు, దాని మీదే వెటకారాలు కట్టుకున్నారు. దుఃఖం ఎక్కడో అడుగున ఉంటుంది, కాదనను. కానీ పైన ఉన్న పెంకితనమే నన్ను పట్టుకుంది.

బెంగ చూడాలంటే మనవాళ్ల దగ్గరే చూడొచ్చు. కోరంగి రేవు నుంచి చెరకు తోటల కూలికి ఓడలెక్కి వచ్చినవాళ్ల మనవలూ మునిమనవలూ ఇక్కడ ఇప్పటికీ దీపం చుట్టూ తిరుగుతూ రామభజనం చేస్తారు. మా వీధి చివర ఒక పెద్దావిడ ఉంది. ఇంట్లో మాట్లాడేది క్రియోలే, భజన మాత్రం తెలుగులో తప్పు పోకుండా పాడుతుంది. చూడని సింహాచలం అప్పన్నని తలుచుకుని కళ్లు తుడుచుకుంటుంది. ఆవిడ మనవరాలి పెళ్లిలో అరిటాకులో ఏడు కూరల భోజనాలయ్యాక రవాన్ మోగింది. "మోకాళ్లు జాగ్రత్తమ్మా" అని నేను అంటూనే ఉన్నాను, ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దిగనే దిగింది. కళ్లు తుడుచుకునే మనిషి ఆవిడే, ఈ గిరగిరా తిరిగే మనిషీ ఆవిడే.

సెగా బెంగగా మారింది ఒక్క చోట, చాగోస్ వాళ్ల దగ్గర. చాగోస్ అంటే ఇక్కడికి చాలా దూరంగా, హిందూ మహాసముద్రం నడిమధ్యన ఉన్న దీవులు. అప్పట్లో కొబ్బరి తోటలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. డియెగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం పెట్టడానికి బ్రిటన్ 1968 - 73 మధ్య అక్కడి జనం మొత్తాన్ని ఖాళీ చేయించింది. వైద్యానికని మారిషస్ వచ్చినవాళ్లకి తిరిగి వెళ్లబోతే ఓడ లేదన్నారు. 1971లో పెంపుడు కుక్కల్ని కూడా చంపించారు. ఆ జనంలో చాలామంది పోర్ట్ లూయీ మురికివాడల్లో పడ్డారు, తర్వాత కొందరు ఇంగ్లండులో క్రాలీ ఊరికి చేరారు. చార్లేసియా అలెక్సీ లాంటి ఆడవాళ్లు నిరసన ఊరేగింపుల్లో ముందు నడిచారు, అవే గొంతులతో పాటలూ పాడారు. వాళ్ల సెగా 2019లో యునెస్కో అత్యవసరంగా కాపాడుకోవాల్సిన కళల జాబితాకి ఎక్కింది.

నాకు ఊరి మీద బెంగ పుడితే టికెట్టు కొనుక్కుంటే సరిపోతుంది. నా బెంగనీ వాళ్లదానినీ ఒక వరసలో కూర్చోబెట్టలేను.

మొన్న పాయింట్ ఓ సాబ్ల్ దగ్గర చాగోస్ వాళ్ల సభకి వెళ్లాను. ఒక ముసలామె లేచి పాట ఎత్తుకుంది. రెండో చరణానికి పక్కన కూర్చున్న ఆడవాళ్లంతా కొంగులూ రుమాళ్లూ తీశారు. దీవి మీద పాట కాబోలు అనుకుని, పాట అయ్యాక ఆమె దగ్గరికి వెళ్లి దేని గురించని అడిగాను. ఆమె నవ్వింది. కొబ్బరి తోట మేస్త్రీ పిసినారితనం మీద కట్టిందట. అక్కడుండగా వాళ్లమ్మ అది పాడుతుంటే పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవారట. మేస్త్రీ పేరు కూడా పాటలో అలాగే ఉందంది.