కళాయి నిలవని చోటు

మా ఇంట పండుగలకు దించే పెద్ద ఇత్తడి దేగ్చా ఒకటున్నది. చంద్రగిరి వీధులలో కళాయి సాయిబు కేక వినబడగానే అమ్మీ దానిని ముంగిట పెట్టించేవారు. కాలిన పాత్రలో నవసాగరం చల్లి, తగరం కరిగించి, గుడ్డతో ఒక్క చుట్టు తిప్పితే లోపలంతా వెండివలె మెరిసేది. ఇక పులుపు వండినా చిలుము భయం ఉండేది కాదు.

మా అమ్మాయి పళ్లకు క్లిప్పులు వేయించిన తరువాత వచ్చిన రంజాన్‌లో మేము ఏమరుపాటు పడ్డాము. ఇఫ్తార్ ఖర్జూరం తీగల కింద అతుక్కునేది. సహరీ ముగించిన నిద్రమత్తులో పిల్ల పైపైన పళ్లు తోముకునేది. పండుగ గడిచాక తిరుపతి డాక్టరుగారు అద్దంలో రెండు తెల్లని మచ్చలు చూపారు. క్లిప్పుల చుట్టూ పేరుకున్న పాచిలోని బాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మార్చుతుంది. ఆ ఆమ్లం ఎనామెల్‌లోని ఖనిజాలను కరిగిస్తుంది. నెల రోజులలోనే మచ్చ తేలవచ్చునట!

“ఈ ఉక్కుకు పాచి పట్టని కళాయి ఏదీ లేదా?” అని అడిగాము. ఆయన నవ్వలేదు. వెండి, జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్‌ల అతి సూక్ష్మ కణాలతో పూతలు వేసి పరిశోధకులు పరీక్షిస్తున్నారని చెప్పారు. ప్రయోగశాలలో అవి బాక్టీరియాను బాగానే అణచుతాయి. నోటిలో మాత్రం కథ వేరు. నిమిషాలలోనే లాలాజలపు పొర పూతను కప్పివేస్తుంది. తీగ జారినప్పుడల్లా, బ్రష్ తగిలినప్పుడల్లా అది అరుగుతుంది. టైటానియం పూత చురుకుగా పనిచేయాలంటే సాధారణంగా అతినీలలోహిత కాంతి కావాలి. నోరేమో చీకటి గుహ. వెండి మోతాదు మించితే మన కణాలకే చేటు. పైగా దేగ్చా అరిగితే మళ్లీ కళాయి వేయిస్తాము. పంటికి అతికిన క్లిప్పును మాటిమాటికీ ఊడదీయగలమా?

చివరకు ఆయన పూత వేసింది ఉక్కుకు కాదు, పంటికి: ఫ్లోరైడ్ వార్నిష్. తీగల కిందికి దూరే చిన్న సందుల బ్రష్‌ను కూడా ఇచ్చారు. పిల్లకు ప్రీతియైన మిస్వాక్‌ను మాన్పించలేదు. క్లిప్పులపై గట్టిగా రుద్దవద్దని మాత్రం హెచ్చరించారు.

ఇప్పుడు ఇషా తరువాత దీపం కింద కూర్చోబెట్టి మేమే పళ్లు చూస్తున్నాము. పిల్ల విసుక్కుంటుంది. ఆ రెండు మచ్చలు అలాగే ఉన్నవి, మూడవది రాలేదు.