జపాను పలుకును మన యోనమాలును

పాలమూరు సీమనుండి వలసపోవుట క్రొత్త సంగతి కాదు. తాతలనాటినుండి మనవారు పలుగును పారయు భుజమున వేసికొని దూరదేశముల కేగి ఆనకట్టలు కట్టిరి, కాలువలు త్రవ్విరి, బాటలు వేసిరి. పోయినచోట భాష రాకున్నను రెక్కలాడిన చాలునని మేస్త్రీలు చెప్పెడివారు. లెక్క మేస్త్రీ నోట నుండెడిది. కూలివానికి దక్కినంత దక్కెడిది. భాష రానివాని కష్టమునకు వెల కట్టువాడు ఎప్పుడును ఇతరుడే.

ఇప్పుడు మా యచ్చంపేటనుండి మఱియొక విధమైన ప్రయాణమునకు మా యింటి పిల్లయే సిద్ధపడుచున్నది. మా మేనకోడలు నర్సు విద్య ముగించి, వృద్ధుల సేవకై జపాను పోవలెనని ఆ భాష నేర్చుకొనుచున్నది. రాత్రి వంటయిల్లు సర్దిన పిమ్మట ఇంటి యాడువారము మేమును ఆమెతో కూర్చుండి పలుకుచుందుము. మాకు జపాను పోవు పని లేదు. కాని పిల్ల పలికినది సరిగా నున్నదో లేదో వినువా రొకరు ఉండవలెను గదా!

దీనికి కారణము కలదు. నైపుణ్యముగల విదేశీయులను పనికి రప్పించుకొనుటకు జపాను ప్రభుత్వము 2019లో ఒక క్రొత్త పద్ధతి నేర్పఱచినది. 2021లో మన దేశముతో దానినిగూర్చి ఒడంబడిక చేసికొన్నది. అట్లు పోగోరువారు సాధారణముగా నిచ్చు భాషాపరీక్షకు ఐదు మెట్లు. క్రిందినుండి రెండవదానిని ఎన్-4 అందురు. ఆ పరీక్షలో చదువుటయు వినుటయు కలవు గాని మాటలాడుట లేదు. అనగా నోరు విప్పకుండనే గెలువవచ్చును. కాని పనిలో చేరిన దినమున ఎదుట నుండునది ప్రశ్నపత్రము కాదు, మంచము పట్టిన ముసలవ్వ. ఆమె “ఇతయ్” అనిన నొప్పి యని అర్థము. ఆమె మాట పిల్లకును, పిల్ల మాట ఆమెకును తెలియకున్న సేవ యెట్లు సాగును?

మేము మొదట చేసిన పని ఇంగ్లీషు అక్షరములను ప్రక్కకు పెట్టుట. జపాను మాటలు ఇంగ్లీషు బండి నెక్కి మన యింటికి వచ్చినవి; దారిలో వాని రూపము చెడినది. మనము టొయోటా యందుము. వారు ‘తొయొత’ యందురు. మనము హోండా యందుము, వారిది ‘హొంద’. వారి త, ద లు మన తల, దండలలోని వంటివే. నాలుక పండ్లకు తగులును. ఇంగ్లీషు లిపిలో ఏది హ్రస్వమో ఏది దీర్ఘమో తెలియదు. తెలుగులో వ్రాసికొన్న తెలియును. అటుపిమ్మట వారి లిపినే నేర్చుకొనుట మేలు.

ఆ లిపిని చూచినప్పుడు మాకు కలిగిన సంతోషము చెప్పనలవి కాదు. వారి అచ్చులు ఐదు: అ, ఇ, ఉ, ఎ, ఒ. హల్లుల వరుసలు క, స, త, న, హ, మ, య, ర, వ. మన యోనమాలు దిద్దినవారికి ఈ వరుస పరాయిదిగా తోచునా? సంస్కృతమును సిద్ధలిపిలో చదివిన బౌద్ధభిక్షువుల విద్యనుండి ఈ క్రమము అచ్చట నెలకొన్నదని పండితులు చెప్పుదురు. హకారపు వరుస పూర్వము పకారముగా పలుకబడెడిదట. అందుచేతనే అది నకారమునకు తరువాత, మకారమునకు ముందు నున్నది.

ఇక మాత్రలు. హ్రస్వమునకు ఒక మాత్ర, దీర్ఘమునకు రెండు మాత్రలని మన ఛందస్సు చెప్పును. జపానువారును తమ మాటలను ఇట్లే కొలుతురు. వారి హైకూలోని ఐదు, ఏడు, ఐదు అను లెక్క ఇటువంటి మాత్రల లెక్కయే. ‘ఒబసన్’ అనిన చిన్నమ్మ. ‘ఒబాసన్’ అనిన అవ్వ. దీర్ఘము తప్పిన వరుసయే మాఱిపోవును! ‘కితె’ అనిన వచ్చి. ‘కిత్తె’ అనిన తపాలాబిళ్ళ. ‘బ్యోఇన్’ ఆసుపత్రి, ‘బియోఇన్’ స్త్రీలు తల దువ్వించుకొను సింగారపు అంగడి. రోగిని ఏ గుమ్మమునకు చేర్తురో ఒక ఇకారముమీద నున్నది! ఒత్తులతోడను దీర్ఘములతోడను పెరిగిన మన చెవికి ఈ భేదము తెలియుట కష్టము కాదు. ఇంగ్లీషువారికి మాత్రము గొప్ప శ్రమ. వారి అనునాసికముకూడ మన సున్నవంటిదే. వార్తాపత్రికను ‘శింబున్’ అందురు, సున్న బకారముముందు మకారమగును.

అన్నిటికంటె చిత్రమైనది చకారము. మనకు రెండు చకారములు కలవు: చిలుకలోని చ యొకటి, ౘుట్టములోని ౘ యొకటి. అట్లే ౙొన్న, ౙల్లెడలలోని ౙకారము వేఱు. పూర్వపు నిఘంటువులలో వీనిపై రెండంకె గుర్తుండెడిది; ఇప్పటి పిల్లల వాచకములలో అది లేదు. కాని ౙొన్నరొట్టె తినువారి నోట ఆ ధ్వని చెడలేదు. జపాను తకారపు వరుస త, చి, ౘు, తె, తొ. ‘ౘునమి’ యను మాట పలుకుటకు పరదేశులు తంటాలు పడుదురు. మన యిండ్లలో ౘుట్టమును పిలుచు ప్రతి ముసలమ్మకును ఆ ౘు సహజము.

కష్టము లేదని చెప్పము. వారి ‘ఫు’ పెదవి పండ్లకు తగులక, పొయ్యి నూదునట్లు రావలెను. ‘దెసు’ అనుదానిలో తుది యుకారము ఊపిరిలో కలిసిపోవును. తెలుగువారము దానిని నిండుగా పలుకుదుము. టోక్యో పలుకుబడిలో ‘అమె’ యను మాటకు మొదటి యక్షరము హెచ్చుస్వరమున నున్న వాన, రెండవది హెచ్చిన మిఠాయి. దీనికి మన వ్యాకరణము తోడురాదు. పాట నేర్చినట్లు విని నేర్వవలసినదే.

పలుకుట ముగిసినపిమ్మట మా మాటలు లోకవ్యవహారములపైకి పోవుచుండును. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు క్రొత్తగా నిచ్చు హెచ్-1బి అనుమతులకు లక్ష డాలరుల రుసుము విధించెను. అంతకు కొలదిదినముల ముందే, ఆగస్టులో, భారత జపాను ప్రధానులు టోక్యోలో కలిసికొని, ఐదేండ్లలో ఐదు లక్షలమంది రాకపోకలకును, అందులో మననుండి 50,000 మంది నిపుణుల ప్రయాణమునకును ప్రణాళిక వేసికొనిరి. ఒక వాకిలి ముడుచుచుండ మఱియొకటి తెఱచుట మంచిదే. కాని అది దయవలన తెఱచినది కాదు. 2024లో జపానులో పుట్టిన శిశువులు ఏడు లక్షలకు తక్కువ. పదిమందిలో దాదాపు ముగ్గురు అఱువదియైదేండ్లు దాటినవారు. అక్కఱ పిలుచుచున్నది. 2025 అక్టోబరులో తకఇచి సనఎ ఆ దేశపు ప్రథమ మహిళా ప్రధాని యైనారు. మా కోడలు సంతోషించెను, అత్తమ్మయో, “ఆడుది గద్దె నెక్కిన మాత్రమున పరదేశపు పిల్లకు తలుపు తెఱచునా? విదేశీయుల విషయమున ఆమె మాట కఠినమే కదా” యనిరి. ఇద్దరి మాటయు నిజమే యని మాకు తోచును.

రాజ్యములు తలుపులు తెఱచును, మూయును. అది మన చేతిలో లేదు. నోట నిలిచిన భాషను మాత్రము ఏ ప్రభుత్వమును తిరిగి పుచ్చుకొనలేదు. తమ పిల్లలను పంపదలచిన తల్లులకు మేము చెప్పునది ఇంతే. దళారి మాట నమ్మక, రాష్ట్రప్రభుత్వపు టామ్‌కామ్ వంటి సంస్థల నడిగి తెలిసికొనుడు. పిల్ల రాత్రి పాఠము వల్లించుచుండగా ఒక గడియ ప్రక్కన కూర్చుండుడు. దీర్ఘము, ఒత్తు, సున్న సరిగా పలికినదో లేదో వినుడు. అందుకు మీకు జపాను రానక్కఱలేదు. తెలుగు వచ్చిన చాలును. జీతమెంత, పని యెన్ని గంటలు, సెలవెప్పుడు అని మన పిల్ల తన నోటితో తానే యడుగగలిగిననాడు, ఆమె లెక్క మేస్త్రీ నోట నుండదు.