మూత లేని డ్రమ్ము

రెండేళ్ళ క్రిందట మా నిర్లక్ష్యము వలన మా సంఘములోని ఒక విధవరాలి గేదె చనిపోయినది. వ్రాయుటకు సిగ్గుగానే ఉన్నది. అయినను ఖరీఫ్ పనులు మొదలగుచున్నవి గనుక వ్రాయుచున్నాము.

మేము ఎకరమున్నర కౌలుకు చేయుచున్నాము. ఆ దినము వరిపైరుకు పిచికారీ చేయవలెనని, లీటరు నీటికి 20 గ్రాముల చొప్పున యూరియాను గట్టు మీది డ్రమ్ములో కరిగించినాము. ఇంతలో స్ప్రేయరు గొట్టము పగిలినది. బాగుచేయించుకొని రేపు కొట్టుదమని ఇంటికి వచ్చితిమి. డ్రమ్ము మూత ఎప్పుడో పోయినది. కొత్తది కొనవలెనని చాలాసార్లు అనుకొన్నాము కూడ.

మేత మేసి వచ్చుచున్న గేదె మిట్టమధ్యాహ్నము ఆ నీళ్ళు త్రాగినది. కబురు తెలిసి మేము పరుగెత్తి వెళ్ళేసరికి పొట్ట ఉబ్బి, నోట నురుగుతో వణకుచున్నది. డాక్టరుగారు వచ్చునప్పటికే ప్రాణము పోయినది. నెమరువేయు పశువు కడుపులో యూరియా అమ్మోనియాగా మారి రక్తములో కలియునట. మొదటనే చన్నీళ్ళలో వెనిగరు కలిపి పట్టించినచో కొన్నిసార్లు బ్రతుకునని ఆయన చెప్పిరి. మాకెవ్వరికి తెలియదు.

ఆమెకు ఆ పాల డబ్బులే ఆధారము. "మీరు కావాలని చేశారా అయ్యగారూ" అన్నదే గాని ఒక్క మాట అనలేదు. తిట్టియుంటే బాగుండుననిపించినది. గేదె వెల వాయిదాలలో ఇచ్చుచున్నాము. ఇంకను కొంత మిగిలియున్నది.

అప్పటినుండి నారుమళ్ళకు ముందు యౌవనస్థులతో కలిసి ఇంటింట ఎరువుల కొట్లు చూచుచున్నాము. బస్తాలు చెక్కల మీద, గోడకు ఎడముగా ఉన్నవా, పైకప్పు కారుచున్నదా, డ్రమ్ముకు మూత ఉన్నదా, స్ప్రేయరు గొట్టము పగిలినదా అని చూతుము. "మా తాతల నాటినుండి ఇట్లాగే పెడుతున్నాము" అని విసుగుకొనువారు లేకపోలేదు. ఒక పెద్దాయన గుమ్మములోనుండే పంపివేసిరి.

ఒక ఇంట చినిగిన బస్తాలోని యూరియాను డబ్బాకెత్తి, దాణాలో కలిపే ఉప్పు డబ్బా ప్రక్కనే పెట్టియున్నారు. రెండు డబ్బాలు ఒకటే రకము, రెంటిలోను తెల్లనివే. ఆ ఇంటి చిన్నపిల్ల రోజూ చీకటితోనే లేచి దాణా కలుపునట! ఇల్లాలు మా యెదుటనే యూరియా డబ్బాను తీసికొనిపోయి వేరే కొట్టులో పెట్టి తాళము వేసినది.

ఈ యేడు ఆ విధవరాలిని కూడ మాతో రమ్మని అడిగితిమి. కొంతసేపు ఆలోచించి వచ్చినది. మొదట మా కొట్టులోనికే వెళ్ళినది. మా డ్రమ్ము మూతను రెండు చేతులతో పట్టి గట్టిగా లాగి చూచి, ఏమియు అనక, ప్రక్కింటికి నడిచినది.