యాభై దాటినంక 200 కిలోమీటర్ల సైకిల్

పల్లి రేటు గురించి రాయమని చానా మంది అడుగుతున్నరు, అది వచ్చే వారం రాస్త. ఈసారి సైకిల్ గురించి. పోస్టు కొంచెం పొడుగున్నది, ఓపిక ఉన్నోళ్ళు చదవండి.

కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి చౌరస్తా. ఈ దిక్కున హైవే పక్కన పొలమున్నోళ్ళకు ఈ సైకిలోళ్ళు కొత్త కాదు. ఇప్పుడు దాన్ని 44వ నంబరు అంటున్నరు, మా నోట్లె ఇంకా ఏడో నంబరు రోడ్డే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చిన్రు గానీ, అంతకు ముందు మోటరు పెట్టనీకి అర్ధరాత్రి పోయేటోళ్ళం కదా. అట్ల పోయినప్పుడు రోడ్డు మీద నలుగురైదుగురు వరుసగ కనబడేటోళ్ళు. ముందర తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, ఒంటి మీద మెరిసే జాకెట్లు. మొదటిసారి చూసినప్పుడు పోలీసోళ్ళేమో అనుకున్న. ఒకసారి ఒకాయన నీళ్ళ కోసం మా బోరు కాడ ఆగిండు. ఎక్కడి నుంచి అని అడిగితే, హైదరాబాద్ నుంచి కర్నూలు పోయి మళ్ళ హైదరాబాద్ పోతున్నం అన్నడు. బండి ఏమన్న ఖరాబైందా, సైకిల్ మీద ఎందుకు అన్న. నవ్విండు. నెత్తి మీది టోపీ తీస్తే వెంట్రుకలన్నీ తెలుపు. యాభై ఎనిమిదేండ్లంట. నాకు అప్పుడు నలభై ఆరో నలభై ఏడో. పొలం గట్టు మీద నిలబడి, పోతున్న ఆ ఎర్ర లైటునే చానాసేపు చూసిన.

దీన్ని బ్రెవే అంటరు. ఫ్రాన్సు దేశంల పుట్టిన పద్ధతి. 1904 నుంచి ఉన్న ఆడాక్స్ క్లబ్ పారిజియన్ దీనికి పెద్దదిక్కు. మన దేశంల ఆడాక్స్ ఇండియా, హైదరాబాద్‌ల అయితే హైదరాబాద్ రాండోనర్స్ వాళ్ళు నడుపుతరు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300లకు 20 గంటలు, 400లకు 27, 600లకు 40. ఒక్క సీజన్‌ల ఈ నాలుగూ పూర్తి చేస్తే సూపర్ రాండోనర్ అని పేరు. మధ్యల ముద్ర వేసే జాగాలుంటయి, ప్రతి జాగకు గడువుంటది. నాలుగేండ్లకు ఒకసారి పారిస్ నుంచి బ్రెస్ట్ పోయి వచ్చే 1200 కిలోమీటర్ల తొక్కుడు ఉంటది, దానికి 90 గంటలు. 2019లనూ 2023లనూ దానికి మన దేశం నుంచి వందల మంది పోయిన్రు.

ఇంకో సంగతి. ఇండ్ల ఫస్టు, సెకండు లేదు. ముందొచ్చినోడూ ఆఖరు నిమిషంల వచ్చినోడూ ఒకటే. పందెం కాదు అని వాళ్ళే చెప్తరు. నేను తొక్కి చూసిన కాబట్టి చెప్తున్న, పందెమే. పక్కనోనితోని కాదు, గడియారంతోని. మా అసోంటి వయసోళ్ళకు ఇదే న్యాయమైన పందెం అనిపిస్తది. ఇరవై ఏండ్ల పిలగానితోని నేనేం పోటీ పడుత? అసలు పందేలల్ల కూడా వయసు చూస్తరు. ట్రాక్ మీద జరిగే ప్రపంచ మాస్టర్స్ పోటీలు 35 ఏండ్లకు మొదలై ఐదేండ్లకొక మెట్టు పెట్టుకుంట పోతయి. ఫ్రాన్సుల రాబర్ట్ మర్షాండ్ అని ఒక ముసలాయన ఉండె. 2017 జనవరిల, 105 ఏండ్ల వయసుల, గంట సేపట్ల 22.547 కిలోమీటర్లు తొక్కిండు. ఆయన కోసమే కొత్త వయసు మెట్టు పెట్టవలసి వచ్చింది. మా ఊర్ల ఈ సంగతి చెప్తే ఒకాయన, "ఆయనకు బర్లు లేవు, బాయి లేదు, తొక్కుతడు" అన్నడు. అదీ నిజమే.

ఇగ మా కథ. మేం ముగ్గురం. నేను వనపర్తి జిల్లా, యాభై నాలుగు. మా బావ గద్వాల దిక్కు, యాభై ఏడు, విత్తన పత్తి పెడ్తడు. మూడోది కొల్లాపూర్ దిక్కు సారు, బడి పంతులుగ చేసి రిటైర్ అయిండు, అరవై ఒకటి. బావకు షుగర్ వచ్చి తొమ్మిదేండ్లయింది. డాక్టరు రోజూ నడువుమంటే, "నేను పొద్దంత చేన్లనే నడుస్త" అనేటోడు. చేన్ల నడిచేది వేరు, దమ్ము తీసుకుంట ఒక్క తీరుగ గంటసేపు కదిలేది వేరు అని డాక్టరు చెప్పినా ఇనలే. ఒకసారి కాలు మీద పుండై రెండు నెలలు మానలేదు. అప్పుడు ఇన్నడు. మా చెల్లె నాకు ఫోన్ చేసి, "అన్నా, ఆయన నీ మాటే ఇంటడు, ఏదన్న ఒకటి చెయ్యి" అని ఏడ్సింది. బావతోని సైకిల్ తొక్కుడు అట్ల మొదలైంది.

పొద్దుగాల చీకటుండగనే లేసి, ఆయన ఎర్రవల్లి చౌరస్తా దాకా వస్తే నేను బీచుపల్లి దాకా పోయేది. కృష్ణ బ్రిడ్జి మీద కలిసి, ఆంజనేయస్వామికి దండం పెట్టుకొని ఎవరింటికి వాళ్ళు. తర్వాత తర్వాత కొత్తకోట, వనపర్తి, పెబ్బేరు చుట్టు తిరిగి వచ్చేటోళ్ళం. శనివారం మాత్రం వద్దు, పెబ్బేరు సంత, రోడ్డంత గొర్లు, డీసీఎంలు. మొదట పాత సైకిల్లే. మా నాయిన కాలపు అట్లాస్ ఇంకా ఉన్నది నా దగ్గర. ఆ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న బంద్ పడ్డది. అదే రోజు ప్రపంచ సైకిల్ దినం కూడా, ఆ దినమే దొరికింది వాళ్ళకు. తర్వాత పాత గేర్ల సైకిల్ ఒకటి పద్నాలుగు వేలకు కొన్న. ఊర్ల పిల్లలు "తాత హీరో" అన్నరు. అంటే అననీ.

మొన్న జనవరిల 200కు పేర్లిచ్చినం. అప్పుడే ఎందుకంటే పత్తి విత్తనం పని అయిపోయి బావకు చెయ్యి ఖాళీ. నాకు యాసంగి పల్లి తడి ఉండె, ఆ ఒక్క దినం మా ఇంటామె చూసుకుంట అన్నది. శంషాబాద్ దిక్కు నుంచి పొద్దున ఆరింటికి బయలుదేరి, అడ్డాకుల దగ్గర తిరిగి రావాలె. సాయంత్రం ఏడున్నర ఆఖరి గడువు.

మా చుట్టూరా ఉన్నోళ్ళ సైకిల్లు లక్ష, రెండు లక్షలు. పిక్కలకు అతుక్కునే బట్టలు, జేబులల్ల తీపి జిగురు పాకెట్లు. మా దగ్గర రెండేసి జొన్న రొట్టెలు, పల్లి పొడి, పల్లీ బెల్లం ఉండలు, ఉప్పేసిన నిమ్మకాయ నీళ్ళు. సారు అయితే లుంగీ కూడా మడిచి పెట్టుకున్నడు, ఎందుకో అడగలే. కానీ ఒకటి చెప్పాలె. ఎవ్వరూ మమ్మల్ని తక్కువగ చూడలే. నా లైటు కడ్డీ వదులుందని ఒక సాఫ్ట్‌వేర్ పిలగాడు వంగి బిగించి పోయిండు.

పోయేటప్పుడు సైకిల్ దానంతట అదే పోతున్నట్లు ఉండె. షాద్‌నగర్, బాలానగర్, జడ్చర్ల, భూత్పూర్ ఎట్ల దాటినమో తెల్వలే. బావ మస్తు జోరు మీదున్నడు. "ఇంతేనా బావా 200 అంటే" అని నవ్వుతుండు. సారు ముందుకొచ్చి మెల్లగ చెప్పిండు, "ఈ దిక్కు నీళ్ళన్నీ ఎటు పారుతయ్? కృష్ణకే కదా. ఇప్పుడు మనమూ నీళ్ళ లెక్క దిగుతున్నం. ఎనక్కి వచ్చేటప్పుడు ఎక్కాలె." నాకు గాలి సంగతి కూడా తోచింది. జనవరిల గాలి తూర్పు, ఈశాన్యం. కల్లంల తూర్పార పట్టినోనికి గాలి ఎటు తిరుగుతదో చెప్పాల్నా? పొద్దున ఎనక నుంచి నూకిన గాలి, మధ్యాహ్నం మొఖానికి కొడ్తది. బావా, గేరు తగ్గించి తొక్కు అన్న. ఇన్నడు పాపం.

అడ్డాకుల కాడికి పదకొండున్నరకు చేరినం. గడువు పన్నెండు నలభై దాకా ఉన్నది. ముద్ర వేయించుకొని రొట్టెలు తిన్నం. అక్కడ నుంచి మా ఇల్లు ముప్పై చిల్లర కిలోమీటర్లే. ఇంటి దిక్కు మొఖం పెట్టి పొద్దంత తొక్కి, ఇల్లు వాసన వచ్చేంత దగ్గర నుంచి ఎనక్కి తిరుగుడు ఉన్నది చూసిన్రూ, అది కాళ్ళకంటే మనసుకు కష్టం. బావ కూడా ఒకసారి పెబ్బేరు దిక్కు చూసిండు. ఏమీ అనలే.

జడ్చర్ల దాకా ఎట్లనో వచ్చినం. ఎండ, గాలి, ఎక్కుడు, పక్క నుంచి లారీలు పోతుంటే సైకిల్ ఊగుడు. బాలానగర్ దగ్గర, నాలుగు దాటింది, బావ తొడ పట్టేసింది. సైకిల్ దిగనీకి కూడా రాలే, పట్టుకొని దించినం. మొఖమంత చెమట, చేతులు వణుకుతున్నయ్. షుగర్ గోళీలు ఏసుకునేటోళ్ళు ఇంత కష్టం చేస్తే షుగర్ పడిపోయే భయం ఉంటది, డాక్టరు ముందే చెప్పిండు. వెంటనే బెల్లం ఉండ నోట్ల పెట్టినం. పక్క హోటల్ల ఉప్పేసి మజ్జిగ తాపినం. పావుగంటకు చేతులు నిలబడ్డయ్. నాకు ఆ పావుగంట మా చెల్లె ఏడుపే చెవులల్ల ఇనబడ్డది.

ఆటో మాట్లాడుదాం అన్న. బావ ఊకోలే. "నువ్వూ సారూ పోండి, నేను మెల్లగ వస్త" అన్నడు. సారు నా మొఖం చూసిండు. ముగ్గురం ఆగితే ముగ్గురికీ గడువు పోతది, ఇద్దరం ఉంటే చాలు అన్న. సారు నీళ్ళ సీసా మాకిచ్చి పోయిండు. ఆయన పోవుడు నాకు మంచిగనే అనిపించింది. నలభై ఏండ్లు పిల్లలకు మార్కులేసిన మనిషి, ఆ కార్డు మీద ఆయనకు ముద్ర పడాలె.

నాలుగున్నరకు మళ్ళ ఎక్కినం. లెక్క చూస్తే నలభై కిలోమీటర్లకు మూడు గంటలు, అయితది. మధ్య మధ్య దిగి కాలు సాగదీసుకుంట, మాట్లాడుకుంట వచ్చినం. పొద్దు మునిగింది. లైట్లు ఏసుకున్నం. కొత్తూరు కాడ, ఆరు ఇరవై, నా ఎనక టైరు పిస్స్‌మన్నది. లారీ టైర్లు పగిలినప్పుడు సన్న ఇనుప తీగలు రోడ్డు మీద పడ్తయ్, వెంట్రుక లెక్క ఉంటయ్, కండ్లకు ఆనవు. ఫోన్ లైటు బావ పట్టుకున్నడు, నేను టైరు లోపల వేళ్ళు పెట్టి ఆ తీగ దేవులాడిన. అది తీయకుండ కొత్త ట్యూబు ఏస్తే అది గూడ పోతది. మొగ్గ మీద మొగ్గ చూసి క్రాసింగ్ చేసే చెయ్యి కదా, నాకు దొరకంది బావ వేళ్ళకు దొరికింది. అయితే ఇరవై ఐదు నిమిషాలు పోయినయ్.

ఆఖరు పదిహేను కిలోమీటర్లకు నలభై ఐదు నిమిషాలు. గంటకు ఇరవై. ఎదురు గాలి, చీకటి, కంపెనీల బస్సులు. నేను ముందర తొక్కి గాలి కోస్తే నా ఎనక చక్రానికి ఆనీ ఆనకుండ బావ వచ్చిండు. ఎనక నుంచి ఆయన దమ్ము ఇనబడుతుండె. అది సప్పుడు లేకుంటైతే ఆగి చూసేటోన్ని. గడియారం చూడొద్దు అనుకున్న, చూస్తనే ఉన్న. పోయి చేరేసరికి ఏడు నలభై ఒకటి. పదకొండు నిమిషాలు ఆలస్యం. సారు ఏడింటికే చేరిండంట, మడిచి తెచ్చుకున్న లుంగీ కట్టుకొని గేటు కాడ నిలబడ్డడు.

అక్కడున్న పిల్లలు చప్పట్లు కొట్టిన్రు, చాయ్ ఇచ్చిన్రు. కానీ కార్డు మీద లెక్క పడదు, నియమం నియమమే. నేనైతే అట్లనే ఉండాలె అంట. పదకొండు నిమిషాలు మాకు వదిలేస్తే, నిమిషం ముందు చచ్చీ చెడీ వచ్చినోని ముద్రకు ఇలువేముంటది?

బావ మాత్రం దోవ పొడుగూత బస్సుల మాట్లాడలే. పెబ్బేరు కాడ నేను దిగుతుంటే అన్నడు, "నువ్వు నాకోసం ఆగకుంటే నీకు వచ్చేది." నేను, "పంచర్ నాది కదా, నీ వేళ్ళు లేకుంటే కొత్తూర్లనే పండుకునేటోన్ని" అన్న. అప్పుడు నవ్విండు. తెల్లారి చెల్లె ఫోన్ చేసింది. తిడ్తదనుకున్న. "అన్నా, ఈయన పొద్దున్నే లేసి సైకిల్ కడుగుతుండు, కాలు నొస్తలేదంట, ఏం మాట్లాడిన్రు మీరు?" అన్నది.

వానలు పడి విత్తనం పెట్టేలోపల ఇంకో 200 ఉంటే పోదామని చూస్తున్నం. ఎండలు ముదిరితే పోం, డాక్టరు ఒప్పుకోలే. ఈసారి బావ గోళీల మోతాదు ఆ రోజుకు ఎట్ల మార్చాలె, ఎన్ని గంటలకొకసారి తినాలె అన్నీ డాక్టరుతోని రాయించుకొని పెట్టుకున్నడు. షుగరూ, బీపీ, గుండె మందులు వాడేటోళ్ళు ఎవరైనా సరే అడగకుండ దూరం తొక్కకండి.

కొత్తకోట, పెబ్బేరు మధ్యల యాభై దాటినోళ్ళు ఎవరికన్న రావాలని ఉంటే, శనివారం తప్ప ఏ రోజైనా పొద్దున ఐదున్నరకు పెబ్బేరు సంత మైదానం కాడికి రండి. ఏ సైకిల్ అయినా ఫరవాలేదు. ఎనక ఎర్ర లైటు మాత్రం ఉండాలె, అది లేనోళ్ళను హైవే ఎక్కనీయం.